కూడలిలో నిలబడ్డ మనిషిని లెక్కపెట్టడం ఎలా?

(బెంగళూరులో తెలుగు పరిశోధక విద్యార్థులకూ ఫీల్డ్ వర్కర్లకూ జరిగిన శిక్షణ శిబిరంలో మొదటి రోజు ఉదయం ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళు కొంచెం ముందుకు జరగండి, ఫ్యాన్ల మోతలో నా గొంతు మీదాకా రాదు. పెన్నూ కాగితమూ దగ్గర పెట్టుకోండి. మధ్యలో మీ చేత లెక్కలు చేయిస్తాను.

మన విషయం వలస, జాతిముద్ర, సెక్స్ వర్క్ కలిసే చోట పరిశోధన ఎలా చేయాలి అన్నది. మీకిచ్చిన కాగితం మీద 'ఇంటర్‌సెక్షనాలిటీ' అని ఉంది. కులం, లింగం, వలస లాంటివి ఒకే మనిషి మీద కలిసి పడటం. తెలుగులో దీన్ని ఏమందాం? 'ఖండన' అని కొందరు రాస్తున్నారు. కానీ మామూలు పాఠకుడికి ఖండన అంటే ఒక మాటని తప్పని చెప్పడం. అందుకని ఈ రెండు రోజులూ 'కూడలి' అందాం. నాలుగు రోడ్లు కలిసే చోటు. ఈ మాటని 1989లో తెచ్చిన అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా కూడా ఈ పోలికే చెప్పారు. కూడలి మధ్యలో నిలబడ్డ మనిషికి దెబ్బ ఏ రోడ్డు నుంచైనా తగలొచ్చు, ఒకేసారి రెండు రోడ్ల నుంచీ తగలొచ్చు.

ఆమె ఎత్తుకున్న కేసు మీకు తెలియాలి. ఎందుకంటే మన పనంతా ఆ కేసులోనే ఉంది. జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు కోర్టుకెళ్ళారు. 1964కి ముందు ఆ ఫ్యాక్టరీ ఒక్క నల్లజాతి స్త్రీని కూడా పనిలోకి తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చి, చివర చేరినవాళ్ళని ముందు తీసేస్తామన్నారు. చివర చేరింది ఎవరు? వీళ్ళే. 1976లో కోర్టు ఏమంది? కంపెనీలో ఆడవాళ్ళు ఉన్నారు కదా, కాబట్టి ఆడవాళ్ళ మీద వివక్ష లేదంది. ఆ ఆడవాళ్ళు తెల్లవాళ్ళు. నల్లవాళ్ళు ఉన్నారు కదా, ఆ ఆరోపణని వేరే కేసుతో కలిపి చూసుకోండంది. ఆ నల్లవాళ్ళు మగవాళ్ళు. రెండూ కలిపి చూపించే హక్కు మాత్రం మీకు లేదంది. ఆడవాళ్ళ పట్టికలో వీళ్ళు కనపడరు, నల్లవాళ్ళ పట్టికలోనూ కనపడరు. రెండు పట్టికలూ సరిగ్గానే ఉన్నాయి. మనిషి మాత్రం లేదు.

ఇప్పుడు అక్కణ్ణించి ఇక్కడికి రండి. 2020 సెప్టెంబర్ 29న, కోవిడ్ కాలంలో, సుప్రీంకోర్టు ఒక మంచి ఉత్తర్వు ఇచ్చింది. సెక్స్ వర్కర్లకి గుర్తింపు కార్డు అడక్కుండా రేషన్ ఇవ్వండి అని. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసు. అందులో ఒక మాట ఉంది: నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ), జిల్లా న్యాయసేవా సంస్థలు గుర్తించినవాళ్ళకి. నాకో జాబితాలో ఎవరుంటారు? టీఐ ప్రాజెక్టులో, అంటే హెచ్ఐవీ నివారణ ప్రాజెక్టులో (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్), పేరున్నవాళ్ళు. టీఐలో పేరు ఎవరికుంటుంది? పీర్ ఎడ్యుకేటర్‌కి, అంటే సాటి సెక్స్ వర్కర్లలోంచే ఎంచుకున్న కార్యకర్తకి, తెలిసినవాళ్ళకి. రెండు నెలల కింద కదిరి నుంచో మదనపల్లె నుంచో వచ్చి, ఫోన్ మీదే పని చేసుకుంటున్న మనిషి పీర్‌కి తెలుసా? రేషన్ కార్డున్నవాళ్ళకి కార్డు దారి, జాబితాలో ఉన్నవాళ్ళకి ఉత్తర్వు దారి. కార్డు పుట్టింటి ఊళ్ళో అన్న పేరు కింద ఉండిపోయి, జాబితాలోనూ పేరు లేని ఆవిడకి ఏ దారి? చూశారా, అదే కేసు. ఊరు మారింది, లెక్క మారలేదు.

అందుకే నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే, ముందే చెప్పేస్తాను. కూడలి అనేది రిపోర్టు చివర రాసే పేరా కాదు. ఎవరిని, ఏ వేళలో, ఏ భాషలో, ఎవరి చేత అడిగించాం, ఏది అడక్కుండా వదిలేశాం, ఏది అచ్చు వేయకుండా ఆపాం, ఈ నిర్ణయాల్లో ఉంటుంది. రిపోర్టు మొదట్లో 'కులం, లింగం, వలస పరస్పరం ముడిపడి ఉన్నాయి' అని రాసి, లోపల మామూలు పట్టికలే వేస్తే అది కూడలి పరిశోధన అవదు.

ముందు చట్టం చూద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మన ప్రశ్నావళి వల్ల మనిషికి ప్రమాదం వచ్చేది ఎక్కువగా ఇక్కడే. 1956 చట్టం, ఇప్పుడు ఐటీపీఏ (ఇమ్మోరల్ ట్రాఫిక్ ప్రివెన్షన్ యాక్ట్) అంటున్నాం. 1986లో సవరించి ఈ పేరు పెట్టారు. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి తన ఇష్టంతో, ఒంటరిగా, తన గదిలో సెక్స్ వర్క్ చేసుకోవడాన్ని ఈ చట్టం నేరమనదు. కానీ దాని చుట్టూ ఉన్నదంతా నేరమంటుంది. సెక్షన్ 8 కింద పిలవడం, సైగ చేయడం నేరం. సెక్షన్ 7 కింద గుడికీ బడికీ ఆస్పత్రికీ 200 మీటర్ల లోపల చేయడం నేరం. బెంగళూరులో 200 మీటర్ల లోపు గుడి లేని వీధి ఎక్కడుందో మీరే చెప్పండి.

ఇప్పుడు సెక్షన్ 2లో 'బ్రోతల్' నిర్వచనం. ఇంకొకరి లాభానికి వాడే చోటు. బాగుంది. దాని పక్కనే ఇంకో ముక్క ఉంది: లేదా ఇద్దరు, అంతకన్నా ఎక్కువ మంది తమ ఉమ్మడి లాభానికి వాడుకునే చోటు. అంటే ఇద్దరు స్నేహితురాళ్ళు అద్దె పంచుకుని ఒక గదిలో పని చేసుకుంటే అది బ్రోతల్. ఎవరు గది పంచుకుంటారు? ఈ ఊళ్ళో సొంత ఇల్లున్నావిడ పంచుకోదు. కొత్తగా వచ్చినావిడ, అడ్వాన్సు పది నెలలదడిగితే కట్టలేనావిడ, ఒంటరి ఆడదానికి ఇల్లివ్వం అనిపించుకున్నావిడ పంచుకుంటుంది. వలస, పేదరికం, చట్టం ఆ గది గుమ్మం దగ్గర కలుస్తాయి. కూడలి అంటే ఇది. మనం ఆ గదిలోకెళ్ళి ఏమడుగుతాం? 'ఈ గదిలో ఎంతమంది పని చేస్తారు?' అని. జవాబు మన ఫారంలో, విలాసం అదే ఫారం పైన. ఎవరి చేతికైనా చిక్కితే అది సాక్ష్యం.

సెక్షన్ 4 ఇంకా కష్టం. సెక్స్ వర్కర్ సంపాదన మీద బతికే పద్దెనిమిదేళ్ళు దాటిన ఎవరైనా నేరస్థులే. ఆమెతో కలిసి ఉంటున్నారని రుజువైతే చాలు, ఆ సంపాదన మీదే బతుకుతున్నారని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసిన బరువు వాళ్ళ మీదే. పందొమ్మిదేళ్ళ కొడుకు, ముసలి తల్లి, చదువుకునే చెల్లెలు, అందరూ దీని కిందికి వస్తారు. మన సర్వేల్లో మొదటి పేజీ ఏముంటుంది? ఇంట్లో ఎవరెవరున్నారు, వయసెంత, ఏం చేస్తారు, నెలకి ఇంటికి ఎంత పంపిస్తారు. జనాభా సర్వే నుంచి ఎత్తి అతికించిన పేజీ అది. గుమాస్తా ఇంట్లో ఆ పేజీ వల్ల నష్టం లేదు. ఇక్కడ ఆ పేజీ ఆ తల్లి మీద, ఆ కొడుకు మీద కేసు కాగితం. అవసరమైతే 'మీ మీద ఆధారపడ్డవాళ్ళు ఎంతమంది' అని ఒక అంకె అడగండి. బంధుత్వం వద్దు, వయసులు వద్దు.

సెక్షన్ 20 అని ఒకటుంది, దాన్ని ఎవరూ చదవరు. మేజిస్ట్రేట్ ఒక సెక్స్ వర్కర్‌ని ఆ ప్రాంతం విడిచి వెళ్ళమని ఆదేశించవచ్చు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకీ అది శిక్షే. వలస వచ్చినవాళ్ళకైతే, దాచిపెట్టుకున్న ఊరికి, దాచిపెట్టుకున్న సంగతితో సహా తిరిగి పంపడం. సెక్షన్ 17 కింద రక్షణ గృహానికి పంపితే ఒక ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ దాకా. పేపర్లో 'యువతులకు విముక్తి' అని వస్తుంది చూడండి, ఆ విముక్తి తర్వాతి మూడేళ్ళ గురించి రాసే పేపరు తక్కువ. అదే బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో 2022 మే 19న సుప్రీంకోర్టు, ఇష్టం లేకుండా ఈ గృహాల్లో ఉంచిన, పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళ కేసులు సర్వే చేసి, నిర్ణీత కాలంలో విడుదలకి పరిశీలించమంది. పోలీసులు మర్యాదగా చూడాలంది. కండోమ్‌ని నేరానికి సాక్ష్యంగా చూపొద్దంది. విలాసం రుజువు లేకపోయినా నాకో అధికారి గానీ రాష్ట్ర ఎయిడ్స్ సొసైటీ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ ఇచ్చే పత్రంతో ఆధార్ ఇవ్వమంది. ఇది పెద్ద గెలుపు. మళ్ళీ అదే ప్రశ్న: ఆ అధికారి దాకా ఎవరు వెళ్ళగలరు? మీ ప్రశ్నావళిలో 'ఆధార్ ఉందా' అని ఆపేయకండి. 'ఏ ఊరి విలాసంతో ఉంది, ఆ ఫోన్ నంబరు ఎవరి దగ్గరుంది' అని అడగండి. ఓటీపీ మొగుడి ఫోన్‌కి పోతుంటే ఆధార్ ఉన్నా లేనట్టే.

సరే. ఇప్పుడు 'వలస' అన్న మాట. చేతులెత్తండి, హిందూపురం నుంచి పొద్దున రైలెక్కి ఇక్కడ పని చేసుకుని రాత్రికి వెళ్ళిపోయేవాళ్ళు వలస కార్మికులేనా? అవును అన్నవాళ్ళు... కాదు అన్నవాళ్ళు... సగం సగం ఉన్నారు. జనాభా లెక్కలు పుట్టిన చోటు, అంతకుముందు కాపురమున్న చోటు అడుగుతాయి. ఆవిడ కాపురం మారలేదు, కాబట్టి కాదు. జాతీయ నమూనా సర్వే 2007-08లో, గడిచిన 365 రోజుల్లో పని కోసం ఒక నెలకి తగ్గకుండా, ఆరు నెలలకి లోపు బయటున్నవాళ్ళని స్వల్పకాలిక వలస అంది. ఆవిడ ప్రతి రాత్రీ ఇంటికి పోతుంది, కాబట్టి అదీ కాదు. కానీ ఈ ఊళ్ళో ఆవిడకి మొహం తెలిసినవాళ్ళు లేరు, పోలీసు పట్టుకుంటే జామీనుకి వచ్చేవాళ్ళు లేరు, కన్నడ అంతంత మాత్రం. ఊళ్ళో వాళ్ళకి తెలియకూడదనే ఇంత దూరం వచ్చింది. ఏ నిర్వచనంలోనూ లేని వలస ఇది. అందుకని 'వలస వచ్చారా, అవును-కాదు' అనే గడి తీసేయండి. నాలుగు చిన్న ప్రశ్నలు పెట్టండి: నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు? గడిచిన ఏడాదిలో ఎన్ని ఊళ్ళలో పని చేశారు? ఇక్కడ ఆపదొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? పండక్కి ఎక్కడికెళ్తారు?

చివరి ప్రశ్నతో మన ఫీల్డ్ క్యాలెండరు కూడా తయారవుతుంది. సంక్రాంతి వారంలో, ఉగాది వారంలో, ఊరి జాతర రోజుల్లో సర్వే చేస్తే తెలుగువాళ్ళు తక్కువ దొరుకుతారు. అనంతపురం వైపు వేరుశనగ కోతలు అక్టోబర్, నవంబర్. ఆ పనికి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. మీరు నవంబర్‌లో లెక్కపెట్టి 'తెలుగువాళ్ళు తగ్గారు' అని రాస్తే, తగ్గింది మనుషులు కాదు, మీరు వెళ్ళిన నెల తప్పు.

మన విషయంలో రెండో మాట, జాతిముద్ర. దీన్ని నేను ఇలా చెప్తాను: మొహం చూడగానే వృత్తి ఊహించేయడం. 1875లో అమెరికా పేజ్ చట్టం తెచ్చింది. వ్యభిచారం కోసం వచ్చే స్త్రీలని ఆపడానికి అన్నారు. జరిగింది ఏమిటంటే చైనా నుంచి వచ్చే ఆడదాన్నల్లా అనుమానించడం, ఓడ ఎక్కకముందే హాంకాంగ్‌లో ప్రశ్నించడం. 2014 జనవరిలో ఢిల్లీ ఖిర్కీ ఎక్స్‌టెన్షన్‌లో అర్ధరాత్రి ఒక గుంపు ఉగాండా మహిళల్ని చుట్టుముట్టింది. వాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళి పరీక్షలు చేయించారు. వాళ్ళు ఏం పని చేస్తారన్నది అక్కడ ఎవరికీ ప్రశ్నే కాలేదు. చర్మం చూసి తేల్చేశారు. ఈశాన్య రాష్ట్రాల అమ్మాయి మన ఊళ్ళో రాత్రి పదింటికి ఆటో దిగితే వాచ్‌మన్ చూసే చూపు ఎలాంటిదో మీకు తెలుసు.

తెలుగావిడకి బెంగళూరులో ఆ ముద్ర మొహం మీద లేదు. గుంపులో కలిసిపోతుంది. అదే తెలుగావిడ కువైట్‌లో 'ఖద్దామా', అంటే ఇంటి పనిమనిషి, అయితే అక్కడ ముద్ర మొహం మీదే ఉంటుంది. ఈసీఆర్ పాస్‌పోర్టున్న, అంటే విదేశంలో పనికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన, ముప్ఫై ఏళ్ళలోపు ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళకూడదని మన ప్రభుత్వ నియమం, రక్షణ కోసం అని. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి విజిట్ వీసా మీద వెళ్ళడం ఆగిందా? వీసా తేడా కావడంతో అక్కడ దెబ్బ తగిలితే ఫిర్యాదుకి నోరు లేకుండా పోతుంది. న్యూజీలాండ్ చూడండి. 2003లో సెక్స్ వర్క్‌ని నేరాల జాబితా నుంచి తీసేసిన దేశం, ప్రపంచమంతా చూపిస్తారు. ఆ చట్టంలోనే సెక్షన్ 19 ఉంది: తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళు ఈ పని చేయకూడదు, చేస్తే వీసా పోతుంది. పౌరురాలికి హక్కుల చట్టం, పక్క గదిలో పని చేసే వలస స్త్రీకి దేశం నుంచి పంపేసే చట్టం. ఆ దేశం మీద 'సెక్స్ వర్కర్ల పరిస్థితి మెరుగైంది' అని ఒకే వాక్యం రాసేవాళ్ళు రెండో ఆవిడని చూడలేదని అర్థం.

కాబట్టి ముద్ర అనేది మనిషికి పుట్టుకతో అతుక్కున్న గుణంగా రాయకండి. ఎక్కడ, ఎవరి కళ్ళకి, ఏ చట్టం కింద అని రాయండి.

ఇక మనుషుల్ని ఎలా కలుస్తాం అన్నది. బెంగళూరు కోల్‌కతా కాదు, ముంబై కాదు. ఇక్కడ సోనాగాచీ లాంటి, కామాఠిపురా లాంటి, ఈ పనికే పేరుపడ్డ పేట లేదు. రోడ్డు, లాడ్జి, ఇల్లు, ఫోన్. ట్రాన్స్ మహిళలకి హమామ్‌లు, అంటే వాళ్ళు కలిసి ఉండి నడుపుకునే స్నానశాలలు. రక్షణ గృహంలో కూర్చుని ఇంటర్వ్యూలు చేస్తే మోసపోయి వచ్చినవాళ్ళే కనపడతారు. టీఐ జాబితా పట్టుకుని చేస్తే సెక్స్ వర్కర్ల సంఘంలో ఉన్నవాళ్ళే కనపడతారు. మొదటివాళ్ళు 'అందరూ బాధితులే' అని రాస్తారు, రెండోవాళ్ళు 'అందరూ కార్మికులే' అని రాస్తారు. ఇద్దరూ తమ తలుపు దాటి వచ్చినవాళ్ళనే చూశారు. ఏ తలుపు నుంచి చూశారో రిపోర్టు మొదటి పేజీలో రాయడం మీ బాధ్యత.

హాట్‌స్పాట్ మ్యాపింగ్, అంటే సెక్స్ వర్కర్లు ఎక్కువగా ఉండే చోట్లు గుర్తించే పని, చేసేవాళ్ళు ఒకే సందుకి కనీసం నాలుగు సార్లు వెళ్ళండి: మధ్యాహ్నం, రాత్రి, వారం మధ్యలో, శనివారం. మధ్యాహ్నం వచ్చేవాళ్ళు ఎక్కువగా సాయంత్రం పిల్లలొచ్చేసరికి ఇంట్లో ఉండాల్సినవాళ్ళు, రైలు పట్టుకోవాల్సినవాళ్ళు. రాత్రి వచ్చేవాళ్ళు వేరు. ఒక్కసారే వెళ్తే ఒక కూడలిని మాత్రమే చూస్తారు.

ఫోన్ మీద పని చేసేవాళ్ళ కోసం ఆర్‌డీఎస్ వాడతారు, అంటే ఒకరి ద్వారా వాళ్ళకి తెలిసిన ఇంకొకర్ని చేరే నమూనా పద్ధతి. 1997లో అమెరికాలో మొదలైన పద్ధతి. కొందరు 'సీడ్స్'తో, అంటే మనమే ఎంచుకున్న మొదటి మనుషులతో, మొదలుపెట్టి, ఒక్కొక్కరికి మూడు కూపన్లు ఇస్తాం, వాళ్ళు ఇంకో ముగ్గుర్ని పంపుతారు. ఇంటర్వ్యూకి కొంత, పంపినందుకు కొంత డబ్బు. ఎక్కడ చెడిపోతుంది? సీడ్స్ దగ్గరే. ఆరుగురు సీడ్స్‌లో అయిదుగురు కన్నడవాళ్ళు, అందరూ సంఘ సభ్యులు అయితే, గొలుసు ఎన్ని మెట్లు పోయినా అదే గుంపులో తిరుగుతుంది. కూపన్ భాష దాటదు, కులం దాటదు, ట్రాన్స్ మహిళల నుంచి ఇతర మహిళలకి దాటదు. అందుకని సీడ్స్‌ని కూడళ్ళ ప్రకారం ఎంచండి: రోజూ రైల్లో వచ్చే తెలుగావిడ ఒకరు, దక్కనీ ఉర్దూ మాట్లాడే రాయలసీమ ముస్లిం ఒకరు, తమిళం మాట్లాడే ట్రాన్స్ మహిళ ఒకరు, ఇలా. ప్రతి గొలుసునీ వారానికోసారి గీసి చూడండి. ఎక్కడ ఆగిందో అదే మీ మొదటి ఫలితం. ఎవరు ఎవరికి తెలియదో అది చెప్తుంది. ఇంకోటి, పంపినందుకిచ్చే డబ్బు మరీ ఎక్కువ పెడితే కూపన్లు అమ్ముకుంటారు, లేదా లాడ్జి మేనేజరు పోగుచేసి పంపిస్తాడు. ఒకే రోజు వరుస కూపన్లు వస్తే ఆపి కనుక్కోండి.

ఇప్పుడు భాష. 'తెలుగువాళ్ళని తెలుగువాళ్ళే ఇంటర్వ్యూ చేయాలి' అని అందరూ అంటారు. నిజమేనా? ఆలోచించండి. ఆవిడ ఊళ్ళో తెలియకూడదని రెండొందల కిలోమీటర్లు వచ్చింది. మీరు ఎదురుగా కూర్చుని, 'ఏం అక్కా, మీది ఏ ఊరు, మీ యాస మా వైపుదే' అంటారు. చనువు కోసమే అంటారు. ఆవిడకి గుండె ఆగిపోతుంది. మన దగ్గర ఊరి పేరు, వీధి పేరు, ఇంటి పేరు, మొక్కే దేవత పేరు, వీటిలో ఏ రెండు చెప్పినా కులం తెలిసిపోతుంది. భాష కలిస్తే భద్రత అనుకుంటాం, ఇక్కడ భాష కలవడమే ప్రమాదం కావచ్చు. అందుకని మొదటే నాలుగు దారులు ముందు పెట్టండి: మీ జిల్లా తెలుగువాళ్ళు, వేరే జిల్లా తెలుగువాళ్ళు, కన్నడవాళ్ళు, దక్కనీవాళ్ళు. ఎవరితో మాట్లాడతారో ఆవిడ ఇష్టం. ఎవరు దేన్ని ఎంచుకున్నారో రాసుకోండి, అదీ సమాచారమే.

మాటల సంగతి. మన పత్రికల తెలుగు ఈ పనికి పనికిరాదు. 'వ్యభిచారిణి', 'విటుడు', 'పట్టుబడిన' లాంటివి పోలీసు ఎఫ్‌ఐఆర్ మాటలు. 'సెక్స్ వర్కర్' అన్న మాట సంఘాలు పోరాడి తెచ్చుకున్నది, నేను వాడేది అదే. కానీ సంఘంలో లేనావిడ ఆ మాటతో తనని తాను పిలుచుకోకపోవచ్చు. 'పని' అంటుంది, 'ధందా' అంటుంది, 'లైన్' అంటుంది, 'ఎవరో ఒకాయన సాయం చేస్తాడు' అంటుంది. ఆవిడ మాట వినేదాకా మీ మాట బయటపెట్టకండి. ఆవిడ ఏ మాటంటే ఇంటర్వ్యూ చివరిదాకా అదే.

జోగిని, బసివి, మాతమ్మ, అంటే దేవుడి పేర సమర్పించిన ఆడవాళ్ళ నేపథ్యం ఉన్నవాళ్ళ దగ్గర మరీ జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో, కర్ణాటకలో 1982లో దేవదాసీ సమర్పణని నిషేధిస్తూ చట్టాలొచ్చాయి. ఊళ్ళో ఆవిడ కులం, ఆ పేరు, ఊరి పెద్దల హక్కు, అన్నీ ఒకే ముడి. బెంగళూరు వచ్చి పేరు మార్చుకుని ఆ ముడి విప్పుకుంది. ఇప్పుడు మన ఫారంలో 'కులం: ఎస్సీ, సంప్రదాయం: జోగిని' అని గడి నింపితే ఆ ముడి మళ్ళీ వేసినవాళ్ళం మనమే. కులం అడగాలి, అడక్కపోతే అబద్ధపు లెక్క వస్తుంది. కానీ చివర అడగండి, ఎందుకో చెప్పి అడగండి, 'చెప్పను' అనే జవాబుకి గడి ఉంచండి, మీరు ఊహించి నింపకండి. కొన్ని కులాల పేర్లు ఈ వృత్తితో కలిపి మన జిల్లాల్లో తిట్లుగా వాడుకలో ఉన్నాయి. ఆ పేర్లు నేనిక్కడ పలకను, మీ రిపోర్టులోనూ పట్టిక శీర్షికగా పెట్టకండి. ఆ కులంలో బడికి పోయే పిల్లలున్నారు.

'దళితురాలిగా ఎక్కువ బాధపడ్డారా, ఆడదానిగానా, వలస వచ్చినందుకా?' ఇలాంటి ప్రశ్న మీ డ్రాఫ్టుల్లో ఇద్దరు రాశారు. దయచేసి తీసేయండి. కూడలిలో దెబ్బ తిన్న మనిషిని ఏ రోడ్డుకి ఎంత వాటా అని అడుగుతున్నాం. జవాబు ఉండదు. బదులుగా ఒక సంఘటన అడగండి: పోయినసారి పోలీసు ఆపినప్పుడు ముందు ఏమడిగాడు? మీతో ఉన్నావిడని ఏమడిగాడు? ఆమెని వదిలి మిమ్మల్ని ఎందుకు ఉంచాడనుకుంటున్నారు? ఎక్కడ ఏ రోడ్డు కలిసిందో జవాబులోనే బయటపడుతుంది. కన్నడ రాక ఆగిపోయిందా, ఆధార్‌లో అనంతపురం అని ఉందనా, రంగు చూసా, జీన్స్ చూసా.

ఇప్పుడు కాగితం తీయండి. 300 మందిని సర్వే చేస్తున్నాం అనుకోండి. భాషలు నాలుగు. సామాజిక వర్గాలు నాలుగు. పని చేసే చోట్లు మూడు. ట్రాన్స్ మహిళలు, ఇతర మహిళలు అని రెండు. గుణించండి. ఎంతొచ్చింది? 96 గళ్ళు. 300ని 96తో భాగిస్తే గడికి ముగ్గురు. అదీ సమానంగా పంచితే. అసలు పట్టికలో సగం గళ్ళు ఖాళీ ఉంటాయి. కాబట్టి అన్ని కూడళ్ళనీ ఒకే సర్వేలో లెక్కపెడతామని గ్రాంటు దరఖాస్తులో రాయకండి. రెండు లేదా మూడు కూడళ్ళు ముందే ఎంచుకోండి, ఉదాహరణకి 'లాడ్జిలో పని చేసే, కన్నడ రాని మహిళలు', 'రోడ్డు మీద పని చేసే ట్రాన్స్ మహిళలు'. ఆ గళ్ళలో కావాలనే ఎక్కువమందిని తీసుకోండి, తర్వాత వాళ్ళ అసలు వాటాకి తగ్గట్టు బరువులు వేసి లెక్క సరిచేయండి. రెండు కారణాలు కలిసినప్పుడు ప్రమాదం కూడికకన్నా ఎక్కువ పెరిగిందా అన్నది విడిగా చూడండి. ఊహకి ఒక లెక్క: భాష రానివాళ్ళకి వందకి అయిదు ఎక్కువ, రోడ్డు మీద పని చేసేవాళ్ళకి వందకి పది ఎక్కువ అనుకోండి. రెండూ ఉన్నవాళ్ళకి పదిహేను ఎక్కువ వస్తే అది మామూలు కూడిక. ముప్ఫై వస్తే ఆ కూడలిలో ఇంకేదో జరుగుతోంది. ఆ ఇంకేదో ఏమిటో అంకె చెప్పదు. దానికి ముప్ఫై నలభై సుదీర్ఘ ఇంటర్వ్యూలు కావాలి. అందులో ఆ కూడలిలోనే ఉండి దెబ్బ తగలనివాళ్ళు కూడా ఉండాలి. ఎలా తప్పించుకున్నారో వాళ్ళే చెప్పగలరు.

సమ్మతి విషయం. సంతకం తీసుకోకండి. సంతకం చేసిన కాగితమే ఆ మనిషి పేరు బయటపెట్టే ఏకైక కాగితం అవుతుంది. నోటిమాట సమ్మతికి ఎథిక్స్ కమిటీని ముందే కారణాలతో అడగండి. రెండోది, అబద్ధపు హామీ ఇవ్వకండి. 'మీరు చెప్పింది ఎవరికీ చెప్పం' అనేస్తారు. చెప్పలేరు. పోక్సో, 2012 చట్టం, సెక్షన్ 19: పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేయాలి, చేయకపోతే శిక్ష. మనకి మినహాయింపు లేదు. లాయరుకి కక్షిదారు మాట దాచుకునే రక్షణ ఉంది, పరిశోధకులకి మన చట్టంలో అలాంటిది లేదు. కాబట్టి రికార్డరు నొక్కకముందే తేట తెలుగులో చెప్పాలి: 'పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల సంగతి చెప్తే నేను పైకి చెప్పాల్సి వస్తుంది. మిగతాది మీ పేరు లేకుండా ఉంచుతాను.' అప్పుడు ఏం చెప్పాలో ఆవిడ నిర్ణయించుకుంటుంది. డబ్బు కూడా మొదటే ఇవ్వండి, మధ్యలో లేచి వెళ్ళినా ఇవ్వండి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది ఆవిడ సంపాదన వేళ. ఆ వేళ తీసుకుంటే ఆ వేళ ఖరీదు ఇవ్వాలి.

ఫోన్‌లో రికార్డు చేసేవాళ్ళు, ఇప్పుడే ఫోన్లు తీయండి. ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్ ఉందా? చాలామందికి ఉంది. అంటే ఆవిడ గొంతు మీకు తెలియకుండానే క్లౌడ్‌లోకి పోయింది. ఆపండి. లొకేషన్ ఆపండి. ఆడియో వాట్సాప్‌లో పంపకండి. పేరు బదులు ఇచ్చే కోడ్ తల్లి పేరు మొదటక్షరం, పుట్టిన నెల లాంటివాటితో తయారుచేయకండి, తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. లాటరీ నంబరు లాంటి కోడ్ పెట్టండి. టైపు చేయడం అయి, సరిచూశాక గొంతు చెరిపేయాలి. ఏ తేదీకి చెరిపేస్తారో ప్రోటోకాల్‌లో రాసి ఉండాలి.

అచ్చు వేసేముందు రెండు పనులు. అయిదుగురికన్నా తక్కువ ఉన్న గడి ఏదీ బయటికి పోకూడదు. 'ట్రాన్స్, తెలుగు, హమామ్, ఇద్దరు' అని వేస్తే ఆ ఇద్దరెవరో ఆ వీధికంతా తెలుసు. హాట్‌స్పాట్ మ్యాపు ఎప్పటికీ అచ్చు వేయకూడదు. రెండోది, సంఘం వాళ్ళకీ సంఘంలో లేనివాళ్ళకీ విడివిడిగా ఫలితాలు చదివి వినిపించండి. రాత కాదు, అయిదు నిమిషాల ఆడియో, తెలుగులో, కన్నడలో, దక్కనీలో. 'ఇది వేయొద్దు' అని వాళ్ళంటే ఆపే నిబంధన మొదట్లోనే ఒప్పందంలో ఉండాలి, అలా కూర్చున్నవాళ్ళకి రోజు కూలీ బడ్జెట్‌లో ఉండాలి. చివర్లో డబ్బు మిగిలితే ఇద్దాం అనుకున్నవాళ్ళకి ఎప్పుడూ మిగల్లేదు.

టీ వచ్చిందంటున్నారు. టీ తర్వాత ఆరుగురు చొప్పున కూర్చోండి. ప్రతి గుంపుకీ ఒక పాత ప్రశ్నావళి ఇస్తాం, 64 ప్రశ్నలున్నాయి. ఎర్ర పెన్నుతో సెక్షన్ 4 కింద సాక్ష్యమయ్యే ప్రశ్నలు కొట్టేయండి. నీలం పెన్నుతో కులం బయటపెట్టే జంటలు, ఊరు-దేవత, వీధి-ఇంటిపేరు లాంటివి, గీత గీసి కలపండి. మిగిలినవి ఎన్నో లెక్కపెట్టుకుని రండి, వాటితో మొదలుపెడదాం.